చూపరి కొలిచిన పైడమ్మ

అడుగూరు కుట్టుగది దినచర్య పుస్తకం. రాసేది నూకరత్నం, కుట్టుగది పెద్ద. వచ్చిన పని, అయిన పని తప్ప మరొకటి రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చేశారు. అలా రాయడం నా వల్ల కాదు. ఇష్టమైతే చదవండి, లేకపోతే మూసి అవతల పెట్టండి.

ఆరో నెల, 3

వచ్చిన పని: బయటి వంతుకి వెళ్ళే ఇరవై రెండు మందికీ కొత్త పైతొడుగులు. అయిన పని: ఆరు.

పాత బూడిదరంగు తొడుగులు సముద్రం అడుగు బురదనీళ్ళలో కనబడడం లేదట. అందుకని ఊరి సభవారు నారింజ, తెలుపు అడ్డచారల గుడ్డ పైన నేల మీదినుంచి తెప్పించారు. బాగానే ఉంది, గట్టి గుడ్డ. నా కోపం గుడ్డ మీద కాదు, దాంతోపాటు వచ్చిన కొలతల చీటీల మీద. ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నదాన్ని, మనిషి ఎదురుగా నిలబడి ఉంటే టేపు పెట్టి కొలవకూడదు. వేలు కూడా తగలకూడదు. బయటి ద్వారం కమాను మీద కూర్చున్న చూపరి అనే కెమెరా యంత్రం ఆ మనిషిని పైనుంచి కిందికి ఒక చూపు చూసి, ఇంత ఎత్తు, ఇంత వెడల్పు అని చెబుతుంది. ఊరంతటికీ అదే కొలత. నేను చంక దగ్గర కుట్టేదీ ఆ కొలతకే, ప్రతి వంతుకీ తొడుగు మీదే మళ్ళీ చూసి వాళ్ళ గాలి సిలిండరు నింపేదీ ఆ కొలతకే. ఒళ్ళు పెద్దదైతే ఎక్కువ గాలి, చిన్నదైతే తక్కువ.

నా ఆడపడుచు పైడమ్మ చీటీ చూసి నాకు నవ్వొచ్చింది. నడుం వెడల్పు పదహారు అంగుళాలని ఉంది. అది పదహారున్నర దాటుతుందని దానితో ఒకే గదిలో పదేళ్ళుగా ఉంటున్న నాకు తెలియదా? లావువాళ్ళని చూపరి ఎప్పుడూ కాస్త తగ్గించే చెబుతుంది. నేను ఎప్పటిలాగే బల్ల అంచున చెక్కిన అంగుళాల గీతల మీద పెట్టి, చీటీ ప్రకారం కత్తిరించి, కుట్టు లోపల అరంగుళం వదిలాను.

పైడమ్మ సాయంత్రం వచ్చి గుడ్డ చూసి మూతి ముడిచింది.

"ఏటొదినా ఇది? అడ్డచారలేసి నన్ను పీపాలాగ సేసెత్తావేటి?"

"నువ్వు పీపావి కాకపోతే కదా," అన్నాను.

"నాదెప్పుడు కుడతావు?"

"ఎప్పుడేమిటి, ఆఖర్న."

ఆఖర్నే. మా ఊళ్ళో ఎవరైనా అంతే. అన్నం వడ్డించేవాడు తన పిల్లకి ఆఖర్న వడ్డిస్తాడు, మందులిచ్చే ఆవిడ తన తల్లికి ఆఖర్న ఇస్తుంది. తనవాళ్ళు ఆఖరు. గోడల మీద రాసి ఉండదు, కానీ తప్పితే మొహాన ఉమ్ముతారు.

ఆరో నెల, 9

వచ్చిన పని: ఏమీ లేదు. అయిన పని: ఇరవై రెండూ ఇచ్చేశాను. పాత బూడిదరంగువి ప్లాస్టిక్ నూలువి కదా, అప్పుడే గిన్నెలు చెయ్యడానికి కరిగించేశారు. ఈ ఊళ్ళో తొందరంతా అలాంటి పనులకే.

ఇవాళ కొత్త తొడుగులతో మొదటి వంతు. భోజనాల గదిలో ఒకటే గోల. పైడమ్మ చేతులు చాపి గుండ్రంగా తిరిగి మరీ చూపించింది.

"సూపరి నన్నేటందో తెలుసా? అయిదడుగుల మూడంట! నడుము పద్నాలుగున్నరంట! వారంలో ఎంత సిక్కిపోనానో సూడండి!"

అందరూ విరగబడి నవ్వారు. పక్కన ఇంకెవరో తానూ సన్నబడ్డానన్నాడు. పైడమ్మ సిలిండరు ముల్లు మామూలు కన్నా వేలెడు కిందే ఆగిందట, సన్నబడ్డాను కదా అని అదే సంబరపడింది.

నేనూ నవ్వాను. ఇక్కడ రాసి పెడుతున్నాను, నేనూ నవ్వాను. సన్నబడ్డదానివి తిను అని నా గిన్నెలోది కూడా దానికే వేశాను. ముప్ఫై ఏళ్ళ కుట్టుపని చేసిన బుర్ర ఆ పూట ఎక్కడ మేస్తోందో.

ఆరో నెల, 16

వచ్చిన పని: చిరిగిన తొడుగులు రెండు. అయిన పని: ఒకటి కూడా లేదు.

పైడమ్మ ఇవాళ వంతు అవకముందే, పావుగంట ముందు తిరిగొచ్చింది. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ముల్లు అడుక్కి వచ్చేసిందట. ఆస్పత్రిలో అలసట అన్నారు. ఈ వారంలో ఇలా తలనొప్పితో ముందే వచ్చినవాళ్ళు ఏడుగురు. ఏడుగురికీ అలసటే. ఏడుగురూ బొద్దుగా ఉండేవాళ్ళే. ఎవరికీ అనుమానం రాలేదు.

గదికి తీసుకొచ్చి బట్టలు మార్చాను. దాని లంగా బొందు కట్టబోతే ముడి పోయినేడాది గుర్తు దగ్గరే పడింది. అంగుళం కూడా తగ్గలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మ పైన, నేల మీద, దర్జీ పని చేసేది. లావుగా ఉన్నవాళ్ళు వస్తే ఏరి మరీ సన్న అడ్డచారల గుడ్డ చూపించేది. "అడ్డచార లావు సూపుతాదని అందరూ అంటారే, అబద్ధం. కుట్టి సూడు," అనేది. కుట్టి చూశాను. నిజమే. అడ్డంగా దగ్గర దగ్గరగా చారలుంటే కన్ను పైకీ కిందికీ మెట్లెక్కినట్టు తిరుగుతుంది, మనిషి పొడుగ్గా, సన్నగా అనిపిస్తాడు. నిలువు చారలైతే కన్ను అటూ ఇటూ పోతుంది, మనిషి వెడల్పుగా అనిపిస్తాడు. ఇది తెలిసిన నేను, ఇరవై రెండు మందికీ నా చేత్తోనే అడ్డచారలు కుట్టి ఇచ్చాను.

చూపరికి తెలివి ఎక్కడిది? మా దగ్గరిదే. దాన్ని పెట్టినప్పుడు మూడు నెలలపాటు ఇంటింటివాళ్ళనీ కూర్చోబెట్టి బొమ్మలు చూపించారు. వీడెంత ఎత్తు, ఈవిడెంత వెడల్పు అని అడిగి, మేం చెప్పిందల్లా దానికి నేర్పారు. నేనూ రెండు వందల బొమ్మలకి చెప్పాను. అది టేపు ముందు కూర్చుని చదువుకోలేదు, మా కళ్ళ ముందు కూర్చుని చదువుకుంది. మా కళ్ళు ఎక్కడ మోసపోతాయో అదీ అక్కడే మోసపోతుంది. పైగా అది ముఖం గుర్తుపెట్టుకోదు, నిన్నటి కొలత గుర్తుపెట్టుకోదు. గుర్తుంటే పక్షపాతం వస్తుందని మేమే వద్దన్నాం.

వద్దని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. మా ఆయన గవరయ్యని చంపింది, చూపరి రాకముందు ఒళ్ళు కొలిచి గాలి ఇచ్చిన కొలతగాళ్ళ టేపు. వాళ్ళలో ఒకడి బావమరిదికి రెండంగుళాలు కలిపి, ఆ గాలికోసం మా ఆయనకి రెండంగుళాలు కోశారు. బయటికి వెళ్ళినవాడు మళ్ళీ లోపలికి రాలేదు. ఆ ఏడాదే టేపులన్నీ కాల్చాం. చెయ్యి తగలని కొలత కావాలని సభ ముందు గుండెలు బాదుకుని తెచ్చుకున్నాను. తెచ్చుకున్నది ఇదీ.

ఆరో నెల, 17

వచ్చిన పని, అయిన పని: లేదు. కొలతల అధికారి త్రినాథరావు గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన మర్యాదగానే కూర్చోమన్నారు. మర్యాదకేం లోటు లేదు. అంతా విని నవ్వారు.

"నూకరత్నం గారూ, అడ్డచారలు లావుగా చూపిస్తాయి. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ లెక్కన మీవాళ్ళకి గాలి ఎక్కువే వెళ్తోంది. నిజానికి నేనే సభకి ఫిర్యాదు చెయ్యాలి."

"తెలుసు అనుకోవడం కాదండీ, ఒకసారి చూడండి," అని నేను తీసుకెళ్ళిన రెండు చదరపు గుడ్డముక్కలు గోడకి గుచ్చాను. ఒకటి చారలు అడ్డంగా, ఒకటి నిలువుగా. "ఏది పొడుగు?"

ఆయన తల పక్కకి వాల్చి చూశారు. "అడ్డచారలదే పొడుగు. మీరు దాన్ని పెద్దదిగా కత్తిరించారు."

"రెండూ ఒకటేనండీ."

"అలా అని ఎలా నమ్మడం? తేల్చాలంటే టేపు కావాలి. టేపు నిషేధం."

పీకి, ఒకదాని మీద ఒకటి పరిచి చూపించాను. అంచుకి అంచు సరిపోయింది. ఒక్క నూలుపోగు తేడా లేదు. ఆయన రెండుమూడు సార్లు తిప్పి చూశారు. కళ్ళతో చూశారు, చేత్తో తడిమారు. తర్వాత ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"గుడ్డకైతే సరే. మనిషి మీద మనిషిని పరిచి చూడలేం కదా."

"చూపరి చెప్పిన ఎత్తు చూడండి. పైడమ్మకి అంగుళం పెరిగింది. నలభై నాలుగేళ్ళ మనిషి వారంలో అంగుళం పెరుగుతుందా?"

"అదే చెబుతున్నాను. ఎత్తు పెరిగితే గాలీ పెరుగుతుంది."

"ఎత్తుకి అంగుళం కలిపి, వెడల్పుకీ మందానికీ కలిపి మూడు కోసిందండీ! మనిషి ఊపిరి పీల్చేది పొడుగుతోనా?"

"మీ ఆడపడుచు గురించి మీ ఆందోళన నాకు అర్థమవుతుంది," అన్నారు, గొంతు తగ్గించి. ఆ ఒక్క మాటతో నా నోరు మూయించారు. నా మనిషికి ఎక్కువ గాలి అడగడానికి వచ్చాననే అర్థం. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంత బాధ ఉండదు, వాడు కనీసం నీ శంఖం దొంగది అనడు.

ఆరో నెల, 18

ఇరవై నాలుగో తేదీన పొడుగు వంతు. ఊరికి గాలి తయారు చేసే యంత్రానికి నీళ్ళు లాగే గొట్టం మూసుకుపోతోంది. ఇరవై రెండు మందీ వెళ్ళాలి. మామూలు వంతు నాలుగు గంటలు, ఇది ఆరు. నాలుగు గంటల్లో పావుగంట తరిగితే పైడమ్మ ఎలాగో పరుగెత్తి వచ్చింది. ఆరు గంటల్లో, గొట్టం దాకా వెళ్ళాక, ఎక్కడికి పరుగెత్తుతుంది?

పొద్దున్న గంజి తాగుతుండగా చెప్పాను. "నీ తొడుగు విప్పేసి గుడ్డ తిప్పి నిలువు చారలు కుడతాను. చూపరి నిన్ను ఉన్నంత లావుగా చూస్తుంది."

"నాకొక్కద్దానికేనా?"

"ముందు నీది అవనీ."

గంజి గిన్నె కింద పెట్టింది. "మా అన్న ఎలాగ సచ్చిపోనాడొదినా? ఎవుడో తనోడికి ముందు సేసుకున్నాడు. ఇప్పుడు నువ్వూ అదే సేత్తే ఆల్లకీ నీకూ ఏటి తేడా? కుడితే అందరికీ కుట్టు. నాది ఆకర్న కుట్టు."

"నీకే అందరికన్నా ఎక్కువ తరిగింది, మొద్దూ!"

"తరిగితే తరగనీ. ఆకర్న."

తిట్టాను. బతిమాలాను. చెంప మీద కొట్టడానికి చెయ్యెత్తాను కూడా. అది నా చెయ్యి పట్టుకుని, "గంజి సల్లారిపోతంది, తాగు," అంది.

మిషన్లు మూడు, కుట్టేది నేనూ ఇద్దరు పని అమ్మాయిలూ. ఒక్కో తొడుగుకి ఒక పూట పైనే. గుడ్డ ఉంది. ఆరు రోజుల్లో ఇరవై రెండూ అవుతాయి, కూర్చున్నచోటినుంచి లేవకపోతే.

ఆరో నెల, 21

అయిన పని: పదమూడు. ఇంకా ముగ్గురివి అవ్వాల్సింది.

అవలేదు, ఎందుకంటే త్రినాథరావు గారు వచ్చారు. నిలువు చారలు చూసి ఆయనకేమీ అభ్యంతరం లేదు. "నిలువు చారలైతే ఇంకా సన్నగా కనిపిస్తారు, గాలి ఇంకా ఆదా అవుతుంది. మీరే కోరి తెచ్చుకుంటున్నారు," అన్నారు. నేను పళ్ళు కొరుక్కుని మిషన్ తొక్కుతూనే ఉన్నాను. గుడ్డితనం మనకి పనికొస్తే గుడ్డితనమే మేలు.

ఆయన వచ్చింది చారల కోసం కాదు. ఎవరో ఫిర్యాదు చేశారట, కుట్టుగది పెద్ద తన ఆడపడుచుది ముందే కుట్టి దాచిందని. మిషన్లు ఆపించారు. కుట్టాల్సినవాళ్ళ జాబితా తెప్పించుకుని పేరుపేరునా వరస చూశారు. మూటలు విప్పించారు. అయిన తొడుగులు ఒక్కొక్కటీ లోపలి చీటీ చదివి చూశారు. మా పని అమ్మాయిలు చేతులు కట్టుకుని గోడకి నిలబడ్డారు. పూట గడిచిపోయింది.

ఆఖరికి జాబితా చివర పైడమ్మ పేరు చూసి సంతోషించారు. "మీ నిజాయితీ గురించి సభకి రాస్తాను," అన్నారు.

"ఈ పూట తిరిగి ఇస్తారా?" అని అడిగాను.

అర్థం కాలేదు ఆయనకి.

ఆరో నెల, 24, పొద్దున్న

అయిన పని: ఇరవై ఒకటి.

ఇరవై రెండోది మిషన్ మీద ఉంది. ఎడమ పక్క కుట్టు, మెడ మిగిలాయి. సైరన్ మోగింది. నేను సూది ఆపలేదు. పైడమ్మ తలుపు దగ్గర అడ్డచారల తొడుగు వేసుకుని నిలబడింది.

"ఇంకో గంట ఆగమను. అధికారితో నేను చెబుతాను."

"గొట్టం ఆగదు గదా, వొదినా."

అప్పటికే బయలుదేరుతున్న ఒకతను, సన్నగా ఉంటాడు, పేరు జగ్గారావు, తన నిలువు చారల తొడుగు విప్పబోయాడు. "అక్కా, ఇది నువ్వేసుకో. నాకు తరిగినా కొంచెమే తరుగుతాది." చిన్నదైనా సాగదీస్తే పట్టేది. పైడమ్మ వద్దంది. ఇంకొకడి గాలి తనకొద్దంది. నేను ఆ అబ్బాయి చేతిలోంచి తొడుగు లాక్కుని పైడమ్మ మీదికి విసిరాను. అది మడతపెట్టి తిరిగి వాడికే ఇచ్చింది.

ద్వారం దాకా వెనకాలే వెళ్ళాను. నిలువు చారలవాళ్ళు ఒక్కొక్కరూ కమాను కింద నిలబడ్డారు. ముల్లు మామూలు గీత దాటి పైకి వెళ్ళింది. త్రినాథరావు గారు పక్కనే ఉన్నారు. ముల్లు చూడలేదు, మనుషుల్ని చూస్తున్నారు. "చూడండి, ఎంత సన్నగా ఉన్నారో," అన్నారు. ఆఖర్న పైడమ్మ నిలబడింది. "నడుం వెడల్పు పద్నాలుగున్నర," అంది చూపరి. ముల్లు వేలెడు కింద ఆగింది.

"తగ్గించి పీలుత్తాను లే," అంది నాతో.

ఆరో నెల, 24, సాయంత్రం

ఇరవై ఒక్కమంది వచ్చారు. అందరి సిలిండర్లలోనూ ఇంకా గాలి ఉంది.

గొట్టం బాగైందట. అయిదు గంటలు దాటాక ఆఖరి బోల్టు బిగించింది పైడమ్మేనట. దాన్ని జగ్గారావు మోసుకొచ్చాడు. ద్వారానికి నూట యాభై అడుగుల దూరంలో దాని ముల్లు అడుక్కి తగిలిందని చెప్పాడు. చెబుతూ నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. వాణ్ణి నేను ఓదార్చలేదు. నాకు ఎవరినీ ఓదార్చాలని లేదు.

ఇరవై ఒక్కమంది నిలువు చారల్లో బతికారు, ఒక్కతి అడ్డచారల్లో చచ్చిపోయింది. దీన్ని మించిన రుజువు ఏం కావాలి? సభవారు రాసింది వేరు: "ఇరవై రెండు మందిలో ఇరవై ఒక్కమంది క్షేమంగా తిరిగి రావడం చూపరి విశ్వసనీయతకు నిదర్శనం. మరణించిన సభ్యురాలు అధిక శ్రమ చేశారు." గోడకి అంటించారు. నేను చింపేశాను. మళ్ళీ అంటించారు. మళ్ళీ చింపాను.

ఆరో నెల, 25

వచ్చిన పని: పైడమ్మకి ముసుగుగుడ్డ.

చీటీ వచ్చింది. చావుకైనా చూపరి చీటీయే. నిన్న రాత్రి పైడమ్మని హాల్లో బల్ల మీద పడుకోబెట్టి, చూపరి కెమెరా అక్కడికి తెచ్చి చూపించారట. చీటీ మీద ఇలా ఉంది: ఎత్తు, నాలుగడుగుల తొమ్మిది.

పైడమ్మ ఎత్తు అయిదడుగుల రెండు. మనిషి నిలబడితే కంటికి ఉన్నదానికన్నా పొడుగ్గా అనిపిస్తాడు, పడుకుంటే పొట్టిగా అనిపిస్తాడు. మాకు చూపించిన బొమ్మలన్నీ నిలబడ్డవాళ్ళవే. పడుకున్న మనిషిని ఎవరూ చూపించలేదు, మేం చెప్పలేదు, అది నేర్చుకోలేదు. బతికి ఉండగా దాన్ని సన్నం చేసి చంపారు. చచ్చాక పొట్టి చేశారు.

లోపల అయిదంగుళాలు వదిలి కుట్టచ్చు. ఇన్నేళ్ళూ అదే చేశాను. చీటీ తప్పని తెలిసి, చాటుగా కుట్టులో వదిలి, చూపరి పరువు కాపాడాను. అందరి ఒంటికీ బట్టలు సరిపోతుంటే కొలత తప్పని ఎవరికి తెలుస్తుంది? ఆ పాపంలో నా వాటా నాకుంది.

ఇవాళ వదల్లేదు. చీటీలో ఉన్నట్టే, నాలుగడుగుల తొమ్మిదికి, నూలుపోగు అటూ ఇటూ కాకుండా కత్తిరించాను.

హాల్లో ఊరంతా ఉంది. గుడ్డ తల దగ్గర నుంచి కప్పుకుంటూ వచ్చాను. చీలమండల దగ్గర అయిపోయింది. పైడమ్మ పాదాలు రెండూ బయటే ఉన్నాయి. బూట్లు ఒరిసి కాయలు కాచిన, వెడల్పాటి పాదాలు. ఎవరో ముసలావిడ వెక్కివెక్కి ఏడ్చింది. త్రినాథరావు గారు గబగబా వచ్చారు.

"ఇదేమిటమ్మా, చిన్నదైపోయింది. ఇంకో ముక్క అతికించండి."

"చీటీ ప్రకారమే కుట్టాను."

"అయినా పాదాలు కనబడుతున్నాయి కదా..."

"కనబడాలి."

ఆయన తన భుజం మీది కండువా తీసి కప్పబోయారు. లాగి అవతల పారేశాను. ఊరు వరసగా పాదాల ముందునుంచి నడిచింది. జగ్గారావు వంగి రెండు పాదాలూ చేతులతో పట్టుకున్నాడు, చెయ్యి తగలకూడదని ఎవరూ అనలేదు. ఆఖర్న త్రినాథరావు గారు నడిచారు, తల పక్కకి తిప్పుకుని.

నేను ఆయన గడ్డం పట్టుకున్నాను. ఈ ఊళ్ళో పదేళ్ళ తర్వాత పరాయి మనిషిని ముట్టుకోవడం అదే మొదలు. పట్టుకుని, మొహం ఇటు తిప్పి, వదలకుండా అలాగే ఉంచాను.

"చూడండి," అన్నాను. "ఇప్పుడు చెప్పండి, మా పైడమ్మ ఎంత పొడుగో."